లక్షల స్పీకర్లు, పది అడుగుల అర్ర

అందరికీ నమస్కారం.

జత 10 లక్షలు పెట్టి కొన్న స్పీకర్లకు అంత విలువ ఉన్నదా అంటే ఒక్కమాటలో జవాబు రాదు. ఇంట్లో మనకు వినిపించే శబ్దాన్ని రెండు ముక్కలుగా చూడాలి. హెర్ట్జ్ అంటే శబ్దం సెకనుకు ఎన్నిసార్లు అదురుతుందన్న లెక్క. సుమారు 300 హెర్ట్జ్‌కు పైన వినిపించేది ఎక్కువగా స్పీకరు గుణం, దిగువ వినిపించేది ఎక్కువగా అర్ర గుణం. పై ముక్కకు పెట్టిన డబ్బు మీ చెవికి చేరుతుంది. కింది ముక్కకు పెట్టింది మన ఇండ్లలో చాలావరకు గోడల పాలవుతుంది.

ముందు పై ముక్క. చవక స్పీకరు డబ్బాను వేలి కణుపుతో కొట్టండి, డొల్లగా పలుకుతుంది. పలుచని పార్టికల్ బోర్డు కాబట్టి పాటతో పాటు డబ్బా కూడా పాడుతుంది. 18 నుంచి 25 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క నారను ఒత్తి చేసిన గట్టి పలక) వాడి, లోపల అడ్డపట్టీలు బిగిస్తే ఆ మోత అణుగుతుంది. తర్వాత క్రాసోవర్, అంటే దిగువ స్వరాలను వూఫరుకు, పై స్వరాలను ట్వీటరుకు పంచిపెట్టే సర్క్యూట్. ఆరున్నర అంగుళాల వూఫరు, అంగుళం ట్వీటరు మామూలుగా 2, 3 కిలోహెర్ట్జ్ మధ్య కలుస్తాయి. చెవి బాగా చురుగ్గా ఉండే చోటు కూడా ఆ దగ్గరే. చవక సరుకులో ట్వీటరుకు ఒక్క కెపాసిటర్ తగిలించి, వూఫరును ఏ అడ్డూ లేకుండా వదిలేస్తారు. దాంతో వూఫరు తనకు చేతకాని పై స్వరాలు కూడా అందుకోబోతుంది, దాని కోను (ముందు కనిపించే గరాటు) ఒక్కతీరుగా కదలక ముక్కలుముక్కలుగా అదురుతుంది, గొంతు గీసుకుపోయినట్టు వినిపిస్తుంది.

మంచి క్రాసోవరులో కాయిళ్లు, కెపాసిటర్లు, రెసిస్టర్లు కలిపి ఎనిమిదో పదో ఉంటాయి. వాటి ఖరీదు పెద్దది కాదు. ఏ విలువ ఎక్కడ వేయాలో తేల్చే కొలతలదే అసలు ఖర్చు. స్పీకరు చుట్టూ, అడ్డంగానూ నిలువుగానూ 10 డిగ్రీలకొకటి చొప్పున, మొత్తం 70 కొలతలు తీసే పద్ధతి ఉంది. పక్కలకు పోయే శబ్దం కూడా గోడకు తగిలి మన దగ్గరికే వస్తుంది కాబట్టి ఎదురుగా ఒక్క కొలత తీస్తే సరిపోదు. ఈ పనంతా చక్కగా చేసిన స్పీకర్లు ఇప్పుడు జత లక్ష, లక్షన్నర లోపలే దొరుకుతున్నాయి. అక్కడిదాకా ధరకు న్యాయం ఉంది.

ఆ పైన ఏం కొంటున్నాం? అల్యూమినియం దిమ్మెను చెక్కి చేసిన డబ్బా, కారు రంగు లాంటి మెరుపు, బెరీలియం లేదా వజ్రపు ట్వీటరు, సముద్రం దాటిన రవాణా, సుంకం, షోరూము కిరాయి. వజ్రపు డోము (ట్వీటరులో అదిరే బుడిపె) తన సొంత మోతను 70 కిలోహెర్ట్జ్ దాకా నెట్టేస్తుందని తయారీదారుల మాట. మంచి అల్యూమినియం డోముకు ఆ మోత 25, 30 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది. మనిషి చెవి 20 దగ్గరే ఆగిపోతుంది, యాభై దాటితే చాలామందికి 14 కూడా కష్టమే. ఇక లెక్క మీరే వేసుకోండి.

కళ్లతో చూసి వినడం వేరు, చూడకుండా వినడం వేరు. శబ్ద పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ఇదే పరీక్షించారు. స్పీకర్లు కనబడేటట్టు వినిపించినప్పుడు ఇచ్చిన మార్కులు, తెర చాటున వినిపించేసరికి మారిపోయాయి. షోరూములో ఇంకో కిటుకు ఉంది. ఒక్క డెసిబెల్ (శబ్దం బిగ్గరతనపు కొలత) ఎక్కువ మోగినా అదే "బాగుంది" అనిపిస్తుంది. అందుకని రెండు జతలను పోల్చేముందు శబ్దం సమానం చేయమని పట్టుబట్టండి.

ఇప్పుడు అసలు సంగతి, అర్ర. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా స్లాబ్ ఇంట్లో అర్ర అంటే 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. కింద షాబాద్ బండలు, చుట్టూ సున్నం గోడలు. 563ను అడుగులతో భాగిస్తే అర్ర మొదట ఏ స్వరానికి మోగుతుందో తెలుస్తుంది. 12 అడుగులకు 47 హెర్ట్జ్, 10 అడుగులకు 56. వెడల్పు, ఎత్తు ఒక్కటే కాబట్టి 56 దగ్గర రెండు మోతలు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఎండాకాలంలో 40 డిగ్రీలకు ఇది 58కి జరుగుతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఇలాంటి అర్రలో 25 హెర్ట్జ్ దాకా దిగే నిలువెత్తు స్పీకర్లు పెడితే 47, 56 ఇంకా రెచ్చిపోతాయి. డబ్బు ఎక్కువ పెట్టి గుమ్ముగుమ్ము కొనుక్కున్నట్టే.

దానికన్నా చిన్న స్పీకర్లు, దిగువ స్వరాలకే విడిగా ఒక సబ్‌వూఫరు మేలు. స్పీకర్లు స్టీరియో కోసం ఒకచోట ఉండాలి, బేస్ (దిగువ స్వరాలు) సమంగా వచ్చే చోటు మరొకటి. సబ్ విడిగా ఉంటేనే రెండూ కుదురుతాయి. దాన్ని మీ కుర్చీ ఉండే చోట పెట్టి, 30 నుంచి 80 హెర్ట్జ్ టోన్లు ఒకదాని తర్వాత ఒకటి వేసి, గోడల వెంట వంగి నడుస్తూ వినండి. అన్ని టోన్లు సమంగా వినిపించిన చోటికి సబ్‌ను మార్చండి. కుర్చీని గోడకు ఆనించవద్దు, పొడవుకు సరిగ్గా నడుమ వేయవద్దు. నడిమధ్యలో 47 మాయమవుతుంది. వెనుక గోడకు 4 అడుగులు వదిలితే మంచిది.

స్పీకరు ముఖం ముందు గోడకు రెండున్నర అడుగుల దూరంలో ఉంటే, గోడనుంచి తిరిగొచ్చే అల 113 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది. మగ గొంతుకు నిండుతనం ఇచ్చేది ఆ స్వరమే. డబ్బాను గోడకు దగ్గర జరిపి ముఖం 35 సెంటీమీటర్లకు తెస్తే ఆ గుంట 245కు పోతుంది, అక్కడ బాధ తక్కువ. వెనుక రంధ్రమున్న డబ్బా అయితే కాస్త గాలి ఆడనివ్వాలి.

గోడలకు కోడిగుడ్ల ట్రేలు అతికిస్తే ఏమీ కాదు. బొంతలు వేలాడదీస్తే పై స్వరాలు మాత్రమే చచ్చి, గుమ్ముగుమ్ము అలాగే మిగులుతుంది. రాతి పీచుతో చేసిన 100 మిల్లీమీటర్ల మందం రాక్‌వూల్‌ను 2 బై 4 అడుగుల చెక్క చట్రంలో పెట్టి, గోడకు రెండు అంగుళాల ఖాళీ వదిలి బిగించండి. పైన గుడ్డ నారాయణపేట నూలు చీరైనా సరే, నోటితో ఊదితే గాలి అవతలికి దాటాలి. ఇది ప్రతిధ్వనిని, 100 హెర్ట్జ్ పైనున్న గోలను తగ్గిస్తుంది. 47, 56 మాత్రం దీనికి లొంగవు. వాటిని యూఎస్‌బీ కొలత మైకు, ఉచితంగా దొరికే కంప్యూటర్ ప్రోగ్రాం రూమ్ ఈక్యూ విజార్డ్‌తో చూసి, ఒక్కో స్వరాన్ని విడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజరులో 6, 8 డెసిబెళ్లు దించండి. మోత ఎక్కువైన దిబ్బలను కోయండి గానీ శబ్దం తగ్గిన గుంటలను పూడ్చకండి. 6 డెసిబెళ్లు పెంచాలంటే ఆంప్లిఫయర్ నాలుగింతల పవర్ ఇవ్వాలి, అయినా గుంట గుంటలాగే ఉంటుంది.

కేబుల్ గురించి ఎక్కువ మాట్లాడను. 5 మీటర్ల దూరానికి 2.5 స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి వైరు చాలు, రానుపోను దాని నిరోధం 0.07 ఓమ్.

హైదరాబాద్‌లో పాత స్పీకర్లు కొనేవాళ్లు కోను చుట్టూ ఉన్న అంచును చూడండి. ఫోమ్ అయితే పొడిపొడిగా రాలవచ్చు. కోనును బొటనవేళ్లతో రెండు పక్కలా సమంగా నొక్కండి, గరగర వస్తే కోను వెనుకున్న కాయిల్ రాసుకుంటున్నట్టు. 8 ఓమ్ వూఫరు మల్టీమీటరులో 5.5 నుంచి 7 మధ్య చూపాలి. ట్వీటరును డబ్బా వెనుక టెర్మినళ్ల మీద కొలిస్తే తెలియదు, మధ్యలో కెపాసిటర్ ఉంటుంది. దాన్ని విప్పి నేరుగా కొలవాలి.

వినడానికి మీకు బాగా తెలిసిన రికార్డింగ్ తీసుకుపోండి. డప్పు దెబ్బలో పుల్ల చప్పుడు ట్వీటరుది, చర్మం మోత వూఫరుది. రెండూ ఒకే చోటినుంచి వస్తే క్రాసోవర్ సరిగ్గా ఉన్నట్టు. పన్నెండు మెట్ల కిన్నెరలో సొరబుర్రల మోత మసకబారితే డబ్బాను అనుమానించండి.

ఇక మీ అర్రల పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో చెప్పండి. ఈ బోర్డు మీదనే భాగించి చూద్దాం.