పాడైన లాన్‌కు మళ్లీ ప్రాణం: విశాఖ శ్రోతల ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. నైరుతి వానలు అందుకున్నాయి కాబట్టి, ఇంటి ముందు పాడైపోయిన లాన్‌ను మళ్లీ పెంచుకోవడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఉద్యాన శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన నిపుణులు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోను గాజువాక నుంచి. చెప్పండమ్మా.

గాజువాక శ్రోత: నమస్తే సార్. మా మామిడి చెట్టు కింద గరిక విత్తనం ఎన్నిసార్లు చల్లినా మొలుస్తుంది, నెల తిరిగేసరికి పసుపుపచ్చగా అయి పోతుంది.

నిపుణుడు: అక్కడ ఎండ ఎంతసేపు పడుతుందమ్మా?

గాజువాక శ్రోత: మధ్యాహ్నం ఓ గంట సార్.

నిపుణుడు: గరికకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. కాయ కోత అయిపోయింది కదా, కిందికి వాలిన కొమ్మలు ఇప్పుడు తీయించండి. అప్పటికీ ఎండ రాకపోతే ఆ మేరకు వెడల్పాకు బఫెలో గడ్డి వేర్లతో నాటుకోండి. అది నీడను ఓర్చుకుంటుంది. విత్తనం మీద మళ్లీ డబ్బు పెట్టకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తర్వాత మధురవాడ నుంచి.

మధురవాడ శ్రోత: నమస్కారమండీ. రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాం. ముందు భాగంలో లాన్‌ను పసిపిల్లలా పెంచాను. 2014లో హుద్‌హుద్ తుపానుకు రెండు చెట్లు కూలి మీద పడ్డా మళ్లీ లేచిందండీ. అలాంటిది మొన్న వైశాఖంలో అమ్మాయి పెళ్లి చేశాం. ఫంక్షన్ హాలు వద్దు నాన్నా, మన ఇంట్లోనే చేద్దాం అంది. పెళ్లివారు భీమవరం నుంచి వచ్చారు, చాలా మంచివాళ్లు...

నిపుణుడు: సంతోషమండీ. లాన్‌కు ఏమైంది?

మధురవాడ శ్రోత: అదే చెబుతున్నాను. షామియానా నాలుగు రోజులు ఉంచేశారు. జనరేటరు బండి గడ్డి మీదికే తెచ్చారు. వంటవాళ్లు పొయ్యిలు అక్కడే పెట్టి, మరిగే గంజి అక్కడే వార్చారు. ఇప్పుడు నడిమధ్యన బోడిగుండులా ఉంది. రెండుసార్లు విత్తనం చల్లాను. ఏ కంపెనీ విత్తనం మంచిదో చెబితే తెప్పించుకుంటాను.

నిపుణుడు: కంపెనీ సంగతి తర్వాత. ముందు మట్టి, తర్వాత విత్తనం. చల్లాక నీళ్లు దేనితో పెట్టారు?

మధురవాడ శ్రోత: పైపుతోనండీ, బాగా తడిపాను. ఒక్క గింజ మొలవలేదు. గేటు పక్కన కాలువ అంచున మాత్రం జానెడు వెడల్పున చారలా మొలిచింది. చేయి పెడితే పట్టులా ఉంది. అక్కడ నేను చల్లలేదు మరి!

నిపుణుడు: మీరు చల్లిందే అది. పైపు ధారకు గింజలన్నీ కొట్టుకుపోయి గేటు దగ్గర పేరుకున్నాయి. అంటే మీ విత్తనంలో లోపం లేదు. మీ ఇంట్లో స్క్రూడ్రైవరు ఉందా?

మధురవాడ శ్రోత: ఉందండీ.

నిపుణుడు: ఫోను పట్టుకునే వెళ్లండి. గేటు దగ్గర ఒకచోట, బోడి చోట ఒకసారి గుచ్చి చూడండి.

మధురవాడ శ్రోత: ఒక్క నిమిషం... గేటు దగ్గర పిడి దాకా దిగిపోయిందండీ. ఇక్కడ... ఇక్కడ దిగడం లేదు. వేలి కణుపంత దిగి ఆగిపోయింది. రాయిలా ఉంది.

నిపుణుడు: అదీ సంగతి. బండి బరువుకు, జనం తొక్కిడికి మట్టి గట్టిపడింది. గాలి లేదు, నీరు ఇంకదు, వేరు దిగదు. దాని మీద ఏ విత్తనం చల్లినా గేటుకే పోతుంది.

మధురవాడ శ్రోత: మావాళ్లు ఒక లారీ ఎర్రమట్టి తోలించి పైన పరిచేయమంటున్నారు.

నిపుణుడు: వద్దండీ. గట్టి నేల మీద కొత్త మట్టి పరిస్తే రెండూ కలవవు, వానకు పైది జారిపోతుంది. ఇంకో మాట. మట్టి అమ్మేవాళ్లను ఎక్కడిదని తప్పక అడగండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. వేల ఏళ్లలో ఏర్పడ్డ వారసత్వం అది. మన లాన్ల కోసం అక్కడ ఒక్క తట్ట కూడా తవ్వకూడదు. ఈ మాట నేను ఎన్నిసార్లయినా చెబుతాను.

మధురవాడ శ్రోత: అయితే ఏం చేయమంటారు?

నిపుణుడు: రెండు రోజులు వాన తెరిపి ఇచ్చాక, జానెడు లోతు తవ్వి గుల్ల చేయించండి. చదరపు మీటరుకు రెండు మూడు కిలోలు బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పేడ వద్దు. నీళ్లు ఇంటివైపు రాకుండా కొద్దిగా వాలు ఉంచి చదును చేయండి. వెంటనే చల్లకండి. పది పదిహేను రోజులు తడుపుతూ ఉంటే కలుపు మొలుస్తుంది, దాన్ని ఏరేయండి. అప్పుడు విత్తనం. చదరపు మీటరుకు 5 నుంచి 10 గ్రాములు చాలు. పొడి ఇసుకలో కలిపి సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లండి. పైన గోరంత మందం కూడా మట్టి కప్పకూడదు. తడి గోనెపట్టా పరిచి, మొలక కనబడగానే తీసేయండి. నీళ్లు పైపుతో కాదు, జల్లు డబ్బాతో, రోజుకు రెండు మూడుసార్లు.

మధురవాడ శ్రోత: రాసుకుంటున్నానండీ. చవితికి అల్లుడూ అమ్మాయీ వస్తారు. ఆ లోపు పచ్చబడుతుందా?

నిపుణుడు: మొలక రావడానికి పది రోజుల నుంచి మూడు వారాలు పడుతుంది. చవితికి పచ్చదనం కనిపిస్తుంది. కానీ దాని మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. అసలు మీకు ఇంకో దారి ఉంది. గేటు దగ్గరి చారను మట్టితో సహా పెళ్లగించి, అరచేతిలో పట్టే ముక్కలుగా చేసి, గుల్ల చేసిన నేలలో జానెడు దూరంలో నాటండి. వాటికి వానకు కొట్టుకుపోయే భయం ఉండదు. మిగతా చోట విత్తనం చల్లండి.

మధురవాడ శ్రోత: బాగుందండీ. మరి ఆ విత్తనం ఏ కంపెనీది...

నిపుణుడు: బాబూ, మీ దగ్గర మిగిలిందే వాడండి! అది మొలుస్తుందని మీ గేటే చెబుతోంది. ముందు మట్టి, తర్వాత విత్తనం.

మధురవాడ శ్రోత: యూరియా ఎప్పుడు వేయాలండీ?

నిపుణుడు: మొలిచిన నెలకు, చదరపు మీటరుకు 10 గ్రాములు మించకుండా. ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే నీళ్లు పెట్టండి, లేకపోతే ఆకు మాడుతుంది. కోసేటప్పుడు ఎత్తులో మూడో వంతుకు మించి కోయకండి. అమ్మాయికి మా ఆశీస్సులు చెప్పండి.

వ్యాఖ్యాత: చాలా సేపు మాట్లాడారు, ధన్యవాదాలు. భీమిలి నుంచి మరో శ్రోత.

భీమిలి శ్రోత: సార్, మా ఇల్లు సముద్రానికి దగ్గర. గడ్డి కొసలు మాడిపోతున్నాయి. మెత్తని కొరియన్ గడ్డి విత్తనం ఇంటికే పంపుతామంటున్నారు, తెప్పించుకోమంటారా?

నిపుణుడు: ఆ సన్నాకు రకాన్ని పలకలుగానో వేర్లతోనో నాటుకోవాలమ్మా, విత్తనం పేరుతో వచ్చేదాన్ని నమ్మకండి. ఉప్పుగాలి బాగా వీచిన మర్నాడు మంచినీళ్లతో గడ్డిని కడగండి. బోరు నీరు ఉప్పగా ఉంటే కొత్త మొలకలకు అసలు పెట్టవద్దు. స్క్రూడ్రైవరు మీరూ గుచ్చి చూడండి.

వ్యాఖ్యాత: పెందుర్తి నుంచి... చెప్పండి.

పెందుర్తి శ్రోత: సార్, లాన్ నిండా తుంగ. నాగలితో దున్నించేస్తే...

నిపుణుడు: దున్నించకండి! నేలలో దాని గడ్డలు ముక్కలై నాలుగింతలు లేస్తాయి. వాన పడి మట్టి మెత్తబడ్డాక గునపంతో గడ్డతో సహా తీయాలి, ప్రతి వారం...

వ్యాఖ్యాత: లైన్ తెగిపోయింది. సమయం కూడా అయిపోయింది. అనకాపల్లి, గోపాలపట్నం శ్రోతలు వచ్చే వారం మళ్లీ ప్రయత్నించండి. సార్, ధన్యవాదాలు. నమస్కారం.