మోగే బొగ్గు, మసిబారని మాంసం

[దృశ్యం: మైకు పక్కన రెండు చేతులు. చేతికొక బొగ్గు ముక్క. ఒకదానితో ఒకటి తట్టాలి.]

విన్నారా? ఖంగుమంది. ఇప్పుడు ఈ రెండో జత వినండి. టప్పుమని చచ్చు చప్పుడు, పుల్లకు పుల్ల తగిలినట్టు. మొదటి జత పొయ్యిలోకి, రెండోది వచ్చిన సంచిలోకే.

పోయిన ఆదివారం మాకు ఈ తేడా తెలియదు. చెన్నైలో మా మేడ మీద చికెన్ కాల్చబోయి అరగంట కళ్ళు నలుపుకుంటూ కూర్చున్నాం. కింది వాటా పిన్నిగారు మెట్లెక్కి వచ్చి, "ఏమ్మా, ఏదైనా తగలబడుతోందా?" అని అడిగారు.

[దృశ్యం: విరిచిన ముక్క, బాగా దగ్గరగా. లోపల గోధుమరంగు చార.]

తగలబడింది ఇదే. కట్టెను గాలి ఆడకుండా మట్టి కప్పి కాలిస్తే నీరు, పొగనిచ్చే వాయువులు బయటికి పోయి ముఖ్యంగా కార్బన్ మిగులుతుంది. కాల్పు మధ్యలో ఆగితే లోపల కట్టె కట్టెగానే ఉండిపోతుంది. ఈ చార అదే. మంచి ముక్క విరిచిన చోట నల్లగా నిగనిగలాడుతుంది, చేతికి తేలికగా ఉంటుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, మంచి బొగ్గుకు నిప్పు రాజుకున్నాక కూడా పొగ రాదు.

కొనేటప్పుడు చిన్న చిక్కు. తమిళంలో బొగ్గు 'కరి', మాంసం 'కఱి'. మన నోట్లో రెండూ ఒకటే. కరి ఎక్కడ దొరుకుతుందని అడిగితే నాకు మటన్ కొట్టు చూపించారు. ఎలాగూ కావలసిందే కనుక ముందు అదే కొన్నాను. మీరు 'అడుప్పు కరి' అనండి, పొయ్యి బొగ్గని అర్థమవుతుంది. బొగ్గుల ఇస్త్రీ పెట్టె వాడే బండాయన కనిపిస్తే ఇంకా మేలు. మసి, నిప్పురవ్వలు బట్టల మీద పడితే ఆయనకే నష్టం, అందుకే ఏరి కొంటారు.

తమిళనాడులో ఎక్కువగా దొరికేది సర్కారు తుమ్మ బొగ్గు. రామనాథపురం, శివగంగ జిల్లాల్లో దీన్ని విరివిగా కాలుస్తారు. పొలాల్లో అందరూ తిట్టుకునే ముళ్ళచెట్టే. కానీ టెక్సాస్‌లో మాంసం కాల్చడానికి ఇష్టంగా వాడే మెస్కీట్ దీనికి దాయాది. గట్టి కట్టె కనుక సెగ చాలాసేపు నిలుస్తుంది. నా ఓటు దీనికే. కొబ్బరి చిప్పల బొగ్గు పలుచన, ఇట్టే అంటుకుంటుంది, బూడిద తక్కువ, కబాబులకు భేషుగ్గా ఉంటుంది. బొగ్గుపొడిని గంజితో కలిపి అచ్చుపోసిన బిళ్ళలు నిదానంగా, సమంగా కాలతాయి, కాకపోతే బూడిద ఎక్కువ. అగ్గిపుల్ల గీయగానే అంటుకునేలా నూనె పట్టించిన బిళ్ళలు మాత్రం వద్దు, ఆ వాసన కూరలోకి దిగుతుంది. రాక్షసి బొగ్గు వంటకు పనికిరాదు.

[దృశ్యం: నిప్పుల మీద ఎండు జామకొమ్మ ముక్క. సన్నని నీలి పొగ.]

మరి పొగ రుచి ఎక్కడిది? బొగ్గుది కాదు. నిప్పుల మీద పడే కొవ్వు చుక్కది, పక్కన వేసే కట్టెది. బాగా ఎండిన మామిడి లేదా జామ ముక్క, పిడికిలంత చాలు. పొగ పలుచగా నీలంగా ఉంటే మూత పెట్టండి. చిక్కగా తెల్లగా వస్తుంటే ఆగండి, మాంసం చేదెక్కుతుంది. ప్లైవుడ్, రంగేసిన చెక్క దగ్గరికి కూడా రానివ్వకండి.

బొగ్గు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానలు కనుక సంచిని నేల మీద వదిలేయకుండా మూత ఉన్న డ్రమ్ములో పోయండి. చెమ్మగిల్లితే ఒకరోజు ఎండబెట్టండి, లేకపోతే చిటపటమని రవ్వలు ఎగురుతాయి.

ఇంట్లో, తలుపులు మూసిన బాల్కనీలో మాత్రం వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. ప్రాణం తీస్తుంది.

[దృశ్యం: ఈ ఆదివారం, మేడ. నిప్పుల మీద తెల్లని బూడిద పొర.]

ఈ పొర పట్టాకే ముక్కలు పేర్చాలి. ఇరవై నిమిషాలైంది. పిన్నిగారు మళ్ళీ మెట్లెక్కి వచ్చారు.

"ఇంకా వెలిగించనే లేదా?"