వాల్జాన్ కథకు రెండు ఆరంభాలు: 1980 పారిస్ ప్రతి, 1985 లండన్ ప్రతి

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. విజయవాడ నుంచి మా రంగస్థల సంభాషణకు స్వాగతం. విక్టర్ హ్యూగో నవల 'లే మిజెరాబ్ల్' కథను మనలో చాలామంది 1950 నాటి 'బీదలపాట్లు' సినిమా ద్వారా ఎరుగుదురు. అందులో కథానాయకుడిగా నటించిన చిత్తూరు నాగయ్య గారు పుట్టింది గుంటూరు సీమలోని రేపల్లెలోనే. ఆ నవల ఆధారంగా వచ్చిన సంగీత నాటకం తొలి ప్రతికీ, ఈనాడు లోకమంతా చూస్తున్న ప్రతికీ మధ్య ఉన్న తేడాలను వివరించడానికి, గుంటూరు ప్రాంతపు పద్యనాటక సమాజాలలో హార్మోనియం వాయించి, దర్శకత్వమూ వహించిన మాస్టారు వచ్చారు. మాస్టారూ, రెండింటినీ విన్నప్పుడు మీ దృష్టికి మొదట వచ్చిన తేడా ఏమిటి?

మాస్టారు: ఎత్తుగడేనమ్మా. రచయిత అలెన్ బుబ్లిల్, సంగీతకర్త క్లోద్ మిషెల్ షోన్‌బెర్గ్ ఈ నాటకాన్ని 1980లో ముందు రికార్డుగా విడుదల చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో రొబేర్ హొస్సేన్ దర్శకత్వంలో పారిస్‌లోని పలే దె స్పోర్‌లో ప్రదర్శించారు. ఆ ఫ్రెంచి ప్రతి తిన్నగా పని ముగిసిన కూలీల పాటతో మొదలవుతుంది. అప్పటికే కథానాయకుడు వాల్జాన్ పేరు మార్చుకొని, ఆ ఊరికి మేయరై, కర్మాగారం నడుపుతూ ఉంటాడు. రొట్టె దొంగతనం, పంతొమ్మిదేళ్ల శిక్ష, బిషప్ గారింటి వెండి సామాను, ఇవన్నీ అంతకు ముందే జరిగిపోయాయి. 1862 నుంచి ఆ నవలను చదువుకుంటూ వచ్చిన దేశంలో వాటిని మళ్లీ చూపవలసిన పని లేదు. మన ఊళ్లలో రాయబారం నాటకంలో పడక సీను ఒక్కటే ఆడినా, నిద్రిస్తున్న కృష్ణుడి దగ్గరకు వచ్చిన ఆ ఇద్దరూ ఎవరని అడిగేవారు ఉండరు కదా.

వ్యాఖ్యాత: అంటే లండన్ ప్రేక్షకులకు ఆ వెనుకటి కథ తెలియదు కాబట్టి దాన్ని చేర్చవలసి వచ్చిందంటారా?

మాస్టారు: ప్రయత్నం అక్కడే మొదలైంది. నిర్మాత కామెరాన్ మెకింటాష్ ఆ ఫ్రెంచి రికార్డు విని, రాయల్ షేక్‌స్పియర్ కంపెనీతో కలిసి, ట్రెవర్ నన్, జాన్ కెయిర్డ్‌ల దర్శకత్వంలో 1985 అక్టోబరు 8న లండన్ బార్బికన్‌లో నాటకాన్ని ప్రారంభించారు. ఇంగ్లీషు పాటల పని తొలుత జేమ్స్ ఫెంటన్ అనే కవి చేపట్టగా, తరువాత అది హెర్బర్ట్ క్రెట్జ్‌మర్ చేతికి వచ్చింది. ఈ ప్రతిలో కథ 1815లో, గొలుసులతో పనిచేసే ఖైదీలతో మొదలవుతుంది. వెండి సామాను దొంగిలించినా క్షమించి, బిషప్ తన వెండి దీపస్తంభాలను కూడా వాల్జాన్ చేతిలో పెట్టి పంపిన తరువాత, వాల్జాన్ ఒంటరిగా తనను తాను నిలదీసుకుంటూ పాడతాడు. చాలాసేపటి తరువాత, చివరి ఘట్టాలలో, వాల్జాన్‌ను ఏళ్ల తరబడి వెంటాడి, అతని చేతిలోనే ప్రాణభిక్ష పొందిన పోలీసు అధికారి జావేర్ నదిలో దూకబోయే ముందు పాడేదీ అదే వరుస. ఒకే దయను ఎదుర్కొన్న ఇద్దరిలో ఒకడు బతకడం నేర్చుకుంటాడు, రెండవవాడు తట్టుకోలేకపోతాడు. ఆ పోలికను చెవికి అందించే ఏర్పాటు కొత్త ఆరంభం వల్లనే సాధ్యమైంది. అందువల్ల ఆ చేర్పును కేవలం పూర్వకథగా చూడకూడదని నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: ఒక పాత్ర పాటను మరొక పాత్రకు ఇచ్చారని కూడా మీరు ఇంతకు ముందు చెప్పారు.

మాస్టారు: ఈ మార్పు నన్ను అన్నింటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది. ఇప్పుడు ఎపొనీన్ పాడే 'ఆన్ మై ఓన్' వరుస, 1980లో ఫాంటీన్‌ది. పని పోయిన తల్లి పేదరికాన్ని గురించి పాడుకునే పాట అది. లండన్‌లో దానికి పూర్తిగా కొత్త సాహిత్యం రాసి, తనను ప్రేమించని మారియుస్ అనే యువకుడిని తలచుకుంటూ రాత్రివేళ వీధుల్లో తిరిగే పిల్లకు ఇచ్చారు. ఫ్రెంచి ప్రతిలో ఎపొనీన్‌కు ఉన్న వేరే పాటను తీసివేశారు. హార్మోనియం ముందు కూర్చునేవారికి ఇది బాగా అర్థమవుతుంది. వరుసకు తనదైన దుఃఖం కొంత ఉంటుంది గానీ, అది ఎవరి దుఃఖమో తేల్చేది మాటే.

అయితే ఆ మార్పుకు ఫాంటీన్ పాత్ర మూల్యం చెల్లించింది. ఫ్రెంచి ప్రతిలో ఆమె మొదట పేదరికం పాట పాడి, జుట్టు అమ్ముకొని, పతనమైన తరువాతనే 'నేను మరొక జీవితాన్ని కలగన్నాను' అనే పాటకు వస్తుంది. లండన్ ప్రతిలో పని పోగానే ఆ కల పాట వస్తుంది, పతనం ఆ తరువాత. అన్నీ పోగొట్టుకున్న మనిషి నోట కల అన్న మాట వినడానికీ, ఇంకా పోగొట్టుకోవలసింది మిగిలి ఉన్న మనిషి నోట వినడానికీ చాలా తేడా ఉంది. ఈ ఒక్క విషయంలో పాత వరుసక్రమమే గొప్పదని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2012 నాటి సినిమాలో కూడా ఆ పాటను పతనం తరువాతకే మార్చారు.

వ్యాఖ్యాత: పూర్తిగా కొత్తగా చేర్చిన పాటల మాటేమిటి?

మాస్టారు: జావేర్ నక్షత్రాల మీద ప్రమాణం చేసే పాట లండన్‌లోనే పుట్టింది. తొలి ప్రదర్శనల తరువాత దాని స్థానాన్ని కూడా మార్చారు. అంతకన్నా ముఖ్యమైనది, తిరుగుబాటుదారులు వీధికి అడ్డంగా కట్టిన బారికేడ్ దగ్గర అందరూ నిద్రపోతున్న వేళ మారియుస్ ప్రాణం కోసం వాల్జాన్ చేసే ప్రార్థన. లండన్‌లో వాల్జాన్ వేషం కట్టిన కోల్మ్ విల్కిన్సన్ గొంతును దృష్టిలో పెట్టుకొని, రిహార్సళ్లు జరుగుతుండగా చేర్చిన ఈ పాట నేడు ఆ పాత్రకు ప్రాణం. మన దగ్గర ఇలాంటి పని నటులే చేశారమ్మా. బలిజేపల్లి వారి 'హరిశ్చంద్ర' మూలప్రతిలో జాషువా గారి శ్మశానవాటి పద్యాలు లేవు. నటులు వాటిని కాటిసీనులో పాడటం మొదలుపెట్టారు, ప్రేక్షకులు వన్స్ మోర్ కొట్టారు, ఇప్పుడు అవి లేకపోతే కాటిసీను ఆడినట్టే అనిపించదు. రచయిత కలం ఆపిన చోటనే తుది ప్రతి పూర్తవుతుందని అనుకోలేము.

వ్యాఖ్యాత: మరి మొదటి అంకాన్ని ముగించే ఆ పెద్ద బృందగానం?

మాస్టారు: అది 1980లోనే ఉంది, 'రేపు' అన్న పేరుతో. ఎవరి వరుసను వారు పాడుతూ అందరూ ఒకచోట కలిసే ఆ నిర్మాణాన్ని లండన్ వారు కూడా వదులుకోలేదు.

వ్యాఖ్యాత: చివరిగా ఒక సందేహం. కథ తెలిసిన ప్రేక్షకులకు కొత్త ఆరంభం అవసరం లేదనుకుంటే, నాటకం మళ్లీ పారిస్‌కు వెళ్లినప్పుడు ఏం జరిగింది?

మాస్టారు: 1991లో మొగడోర్ థియేటరులో ఆడినప్పుడు, లండన్ ప్రతినే తిరిగి ఫ్రెంచిలోకి తెచ్చారు. బిషప్ గారి ఘట్టం అలాగే ఉంచారు. కథ తెలియక కాదు, ఆ ఘట్టంలో విన్న సంగీతం చివరి దాకా పనిచేస్తుంది కాబట్టి ఉంచవలసి వచ్చింది. ఎప్పుడైనా మన సమాజాలవారు దీన్ని తెలుగులో ఆడాలనుకుంటే, లండన్ ఆరంభాన్ని, పారిస్‌లో ఫాంటీన్ పాటలకు ఉన్న తొలి వరుసక్రమాన్ని తీసుకోమని నేను చెబుతాను.