చేదు నిజాన్ని ముందుగా తానే చెప్పిన సీఈఓ: బాబ్ ఐగర్ స్మృతుల నుంచి నాయకత్వ పాఠాలు

నమస్కారం. వాల్ట్ డిస్నీ కంపెనీని తొలి విడతలో దాదాపు పదిహేనేళ్ల పాటు నడిపిన బాబ్ ఐగర్ తన వృత్తిజీవితం గురించి రాసిన పుస్తకం ‘ద రైడ్ ఆఫ్ ఎ లైఫ్‌టైమ్’ 2019లో వెలువడింది. ఈ వీడియోలో దాని గురించే మాట్లాడుకుందాం. ఈ పుస్తకం ప్రస్తావన రాగానే చాలామంది అందులోని నాయకత్వ గుణాల జాబితాను, అంటే ఆశావాదం, ధైర్యం, ఏకాగ్రత, నిజాయితీ వంటివాటిని వరుసగా చదివి వినిపిస్తారు. అవి మంచి మాటలే కానీ, అటువంటి మాటలు ఏ పెద్ద సంస్థ అధినేత పుస్తకంలోనైనా కనిపిస్తాయి. నన్ను ఆకట్టుకున్నది ఆ జాబితా కాదు. తన సంస్థ గురించి తనకే మింగుడుపడని నిజాన్ని ఎవరూ నిలదీయకముందే గుర్తించి, తనను నియమించినవారి ఎదుటే దాన్ని బయటపెట్టడం ఎలా ఉంటుందో ఈ పుస్తకం దగ్గరగా చూపిస్తుంది.

ఐగర్ 1974లో, తరువాతి కాలంలో డిస్నీ సొంతమైన అమెరికా టెలివిజన్ సంస్థ ఏబీసీలో అతి చిన్న ఉద్యోగిగా చేరారు. అక్కడి నుంచి క్రీడావిభాగానికి వెళ్లి, రూన్ ఆర్లెడ్జ్ కింద పని నేర్చుకున్నారు. ఆర్లెడ్జ్ అసాధారణ ప్రతిభావంతుడు, పనిలో రవ్వంత లోపాన్ని కూడా సహించని మనిషి. ఒక సమావేశంలో జరిగిన పొరపాటుకు కారణం ఎవరని ఆయన అడిగితే, ఐగర్ అది తన తప్పేనని ఒప్పుకున్నారు. ఆ గదిలో ఎవరూ అలా మాట్లాడే అలవాటు లేదు. దాని తరువాత ఆర్లెడ్జ్ తనను చూసే తీరు మారిందని ఐగర్ రాస్తారు. ఇది చిన్న సంఘటనే అయినా, ఆ తరువాతి ముప్పయ్యేళ్లలో ఆయన తీసుకున్న పెద్ద నిర్ణయాల వెనక ఇదే స్వభావం కనిపిస్తుంది.

పుస్తకంలో అన్నిటికన్నా విలువైన భాగం, యానిమేషన్ చిత్రాలు తీసే పిక్సార్ సంస్థను డిస్నీ కొన్న కథ. దాన్ని అర్థం చేసుకోవడానికి అప్పటి పరిస్థితి కొంత తెలియాలి. 2004లో డిస్నీ అన్ని వైపుల నుంచీ ఒత్తిడిలో ఉంది. పిక్సార్ చిత్రాలను పంపిణీ చేసే ఒప్పందం పొడిగింపు చర్చలు విఫలమయ్యాయి, కామ్‌కాస్ట్ అనే కేబుల్ టీవీ సంస్థ డిస్నీని బలవంతంగా కొనేందుకు ప్రయత్నించింది, ఆ ఏడాది వాటాదార్ల సమావేశంలో దాదాపు 43 శాతం ఓట్లు అప్పటి అధినేత మైకేల్ ఐస్నర్‌కు మద్దతు ఇవ్వకుండా నిలిచిపోయాయి. ఐస్నర్ తరువాత ఆ పదవి ఐగర్‌కు దక్కింది, 2005 అక్టోబరులో ఆయన బాధ్యతలు చేపట్టారు. సరిగ్గా దానికి ముందు, సెప్టెంబరులో, హాంకాంగ్ డిస్నీల్యాండ్ ప్రారంభోత్సవంలో ఊరేగింపు చూస్తూ నిలబడిన ఐగర్‌కు ఒక విషయం తట్టింది. ఎదురుగా సాగిపోతున్న పాత్రల్లో పాతకాలపు డిస్నీ చిత్రాల పాత్రలున్నాయి, పిక్సార్ చిత్రాల పాత్రలున్నాయి, కానీ గత పదేళ్లలో డిస్నీ సొంతంగా సృష్టించిన పాత్ర ఒక్కటీ లేదు.

ఇక్కడ కాసేపు ఆగాలని నాకనిపిస్తుంది. ఆ ఊరేగింపును ఆ రోజు ఎంతోమంది అధికారులు చూశారు. లెక్కల పుస్తకాల్లో యానిమేషన్ విభాగం నష్టాలు అప్పటికే నమోదై ఉన్నాయి కాబట్టి, సమాచారం ఎవరి దగ్గరా దాచలేదు. అందరి కళ్ల ముందున్న దృశ్యం నుంచి, మనం మన అసలు వృత్తిలోనే వెనకబడిపోయాం అనే వాక్యాన్ని తయారుచేసి, ఆ వాక్యాన్ని బోర్డు ముందు పలకడానికి మాత్రం ఒకరు కావలసి వచ్చింది. సీఈఓగా తన మొదటి బోర్డు సమావేశంలోనే ఐగర్ యానిమేషన్ దుస్థితిని వివరంగా ఉంచి, మూడు దారులు చూపించారు: ఉన్నవారితోనే కొనసాగడం, బయటి నుంచి కొత్త ప్రతిభను తెచ్చుకోవడం, పిక్సార్‌ను కొనేయడం. కొత్తగా వచ్చిన అధినేత తొలి సమావేశంలో ఆశలు కల్పిస్తాడని బోర్డు ఎదురుచూస్తుంది. అందుకే, తాను ఆ సంస్థలో ఐదేళ్లుగా రెండో స్థానంలో ఉండి కూడా ఆ మాట చెప్పడం తేలిక కాదని నేను భావిస్తాను, ఎందుకంటే ఆ వైఫల్యపు నీడ కొంత తన మీద కూడా పడుతుంది.

ఆపిల్ అధినేత, పిక్సార్ ప్రధాన యజమాని అయిన స్టీవ్ జాబ్స్‌కు డిస్నీ మీద అప్పటికే విశ్వాసం పోయింది. ఐగర్ దాన్ని మాటలతో కాక పనితో తిరిగి సంపాదించారు. ఏబీసీ ధారావాహికలను ఆపిల్ వారి ఐపాడ్‌లో చూసేందుకు, ఆపిల్ ఆన్‌లైన్ దుకాణం ఐట్యూన్స్ ద్వారా అమ్మే ఒప్పందం, పదవి చేపట్టిన రెండు వారాల్లోపే ప్రకటించారు. ఆ తరువాత ఇద్దరూ ఆపిల్ కార్యాలయంలో ఒక తెల్లబోర్డు ముందు కూర్చుని, కొనుగోలు వల్ల వచ్చే లాభనష్టాలను రాసుకున్నారు. నష్టాల పట్టిక నిండిపోయింది, లాభాల వైపు కొన్నే ఉన్నాయి. అయితే బరువైన కొన్ని లాభాలు, తేలికైన ఎన్నో నష్టాలను మించిపోతాయని జాబ్స్ అన్నట్టు ఐగర్ రాస్తారు. ఆ నష్టాల్లో మొదటగా నిలిచింది, డిస్నీ సంస్కృతి పిక్సార్‌ను నాశనం చేస్తుందనే భయం. దాన్ని ఐగర్ కొట్టిపారేయలేదు. పిక్సార్ పేరు, కాలిఫోర్నియాలోని ఎమరీవిల్‌లో ఉన్న దాని ప్రాంగణం, పనివిధానాలు చెక్కుచెదరకుండా ఉంచుతామని రాతపూర్వకంగా ఒప్పుకుని, డిస్నీ యానిమేషన్ బాధ్యత కూడా పిక్సార్ సారథులకే అప్పగించారు. ఈ మొత్తం ఒప్పందం విలువ 740 కోట్ల డాలర్లు.

2006 జనవరి 24న ప్రకటనకు కొద్దిసేపటి ముందు, జాబ్స్ ఐగర్‌ను పిక్సార్ ప్రాంగణంలో నడకకు తీసుకెళ్లి, తన క్యాన్సర్ తిరగబెట్టిందని చెప్పి, కావాలంటే వెనక్కి తగ్గవచ్చన్నారు. ఐగర్ తగ్గలేదు. ఒప్పందం విలువ ఒక వ్యక్తి మీద కాకుండా పిక్సార్‌లోని ప్రతిభ మీద ఆధారపడి ఉందని ఆయన నిర్ణయించుకున్నారు. నాకు ఈ ఘట్టంలో జాబ్స్ ప్రవర్తన కూడా సమానంగా గొప్పగా కనిపిస్తుంది. అమ్మేవాడు తన సరుకులోని లోపాన్ని తానే బయటపెట్టడం వ్యాపారంలో అరుదు.

ఆ తరువాత 2009లో మార్వెల్, 2012లో లూకాస్‌ఫిల్మ్, 2019లో ఫాక్స్ ఆస్తులు ఇలాగే కొనుగోళ్ల ద్వారా డిస్నీలో చేరాయి. వాటి వివరాలు పుస్తకంలో ఆసక్తికరంగానే ఉన్నా, పద్ధతి పిక్సార్‌తోనే తెలిసిపోతుంది. భిన్నమైనది 2016 నాటి ట్విటర్ కొనుగోలు ప్రయత్నం. రెండు సంస్థలూ దాదాపు సిద్ధమైన దశలో, ద్వేషపూరిత వ్యాఖ్యలను అదుపు చేసే భారం డిస్నీకి తగినది కాదని ఐగర్ చివరి క్షణంలో వెనక్కి తగ్గారు. వెళ్తున్న బండిని ఆపి దిగడం, అందులోనూ ట్విటర్ అధినేత జాక్ డోర్సీ తమ బోర్డులోనే ఉన్నప్పుడు, ఇబ్బందికరమే.

2017 ఆగస్టులో, నెట్‌ఫ్లిక్స్‌కు సినిమాలు అమ్మడం మానుకుని సొంత స్ట్రీమింగ్ సేవ ప్రారంభిస్తామని ప్రకటించినప్పుడు, ఖాయంగా వస్తున్న రాబడిని వదులుకోవడమే మొదటి ఫలితం. కేబుల్ వ్యాపారాన్ని నమ్ముకున్న అధికారులకు ఆ మార్పులో వ్యక్తిగత ప్రయోజనం లేదని ఐగర్ గ్రహించారు. అందుకే కొత్త వ్యూహానికి ఎవరు ఎంత తోడ్పడ్డారో చూసి తాను వారి ప్రతిఫలం నిర్ణయించేలా బోర్డు నుంచి అనుమతి తీసుకున్నారు. మార్పు కావాలని ప్రసంగించి జీతాల లెక్కను పాత పద్ధతిలోనే వదిలేసే యాజమాన్యాలు ఈ అధ్యాయం తప్పక చదవాలి. డిస్నీ ప్లస్ 2019 నవంబరు 12న మొదలైంది.

అయితే ఈ పుస్తకాన్ని ప్రేమించేవాడిగా నేను ఒక విషయం కప్పిపుచ్చలేను. ఒకే వ్యక్తి చేతిలో అధికారం ఎక్కువకాలం ఉండటం మంచిది కాదని ఐగర్ చివరి పేజీల్లో స్వయంగా రాశారు. అదే ఐగర్ పదవీకాలం అంతకుముందే పలుమార్లు పొడిగించబడింది, వారసుడని అందరూ అనుకున్న టామ్ స్టాగ్స్ 2016లో సంస్థను వీడారు. పుస్తకం వచ్చిన కొద్ది నెలలకు, 2020 ఫిబ్రవరిలో, బాబ్ చాపెక్‌కు పగ్గాలు అప్పగించినా, ఐగర్ 2021 చివరి దాకా కార్యనిర్వాహక ఛైర్మన్‌గా ఉండిపోయారు. 2022 నవంబరులో బోర్డు చాపెక్‌ను తొలగించి ఐగర్‌నే వెనక్కి పిలిచింది. హాంకాంగ్ ఊరేగింపులో లేనిదాన్ని గుర్తించిన కన్ను, తన తరువాత నిలబడవలసినవారి విషయంలో అంతే తీక్షణంగా పనిచేయలేదని నా అభిప్రాయం. తన సంస్థలోని లోటును చూడగలిగిన మనిషికి, తాను లేని సంస్థను ఊహించుకోవడం అంతకన్నా కష్టమై ఉంటుంది. పుస్తకం ఈ పరిణామాలకు ముందే ముగిసిపోయింది కాబట్టి, అందులోని చివరి అధ్యాయాలను ఈ మూడేళ్ల చరిత్రను పక్కన పెట్టుకుని చదవండి.