ఏ పుస్తకమో పిల్లల్నే తేల్చుకోనివ్వండి

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా పిల్లలు చదవడం లేదని ఎవరూ అనలేరు. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలుపెడితే రాత్రి నిద్రపోయేదాకా పుస్తకాల ముందే ఉంటారు. అందులో వాళ్లు కోరి తెచ్చుకున్నది మాత్రం ఒక్కటీ ఉండదు. ఎప్పుడైనా ఒక దెయ్యాల కథ చేతిలో కనబడితే, "ఏంది నాయనా అది, పరీక్షలో వస్తాదా?" అంటాం. ఆ ప్రశ్న విన్నాక ఇంకేం చదువుతాడు?

పిల్లలూ, లైబ్రరీకి వెళ్తే అట్టబొమ్మ నచ్చిన పుస్తకమే తీయండి, తప్పులేదు. మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి నిలబడే చదవండి. తర్వాతేమైందో తెలుసుకోవాలనిపిస్తే ఇంటికి తెచ్చుకోండి. పది పేజీలు చదివినా మనసు పట్టకపోతే తిరిగిచ్చేసి వేరేది తీసుకోండి. చదివిందే మళ్లీ చదవాలనిపిస్తే, మళ్లీ చదవండి. శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజున మేడెక్కి ఆకాశం చూసే పిల్లకు రాకెట్ల పుస్తకం, క్రికెట్ పిచ్చి ఉన్నవాడికి ఆటగాళ్ల జీవితాలు. ఇవి చిన్న చదువులని నేననుకోను.

పెద్దలారా, పుస్తకం మూయగానే "నీతి ఏమిటి?" అని అడగకండి. తనంతట తానొచ్చి చెబితే మాత్రం ఫోన్ పక్కనపెట్టి వినండి.

బడుల్లో పుస్తకాలున్నాయి, బీరువాలకు తాళాలూ ఉన్నాయి. చిరిగితే అంటించుకోవచ్చు. చెదలు పడితే ఏం చేస్తాం?

చేనేత ఊరు వేటపాలెంలో 1918లోనే యువకులు పూనుకుని సారస్వత నికేతనం గ్రంథాలయం పెట్టారు. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. అయినా మనకు దగ్గరే. ఒక సెలవురోజు పిల్లల్ని తీసుకెళ్లి, అక్కడ దాచిన పాత పత్రికల కట్టలు చూపించండి. మన ఊరి గ్రంథాలయమూ మనదే: ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఏటా పిల్లల్ని వక్తృత్వానికీ వ్యాసరచనకూ పిలుస్తాం, బహుమతులిచ్చి పంపిస్తాం. ఈసారి ఒక గంట ఏ పోటీ పెట్టకుండా బీరువాల మధ్య వాళ్లను వదిలేయండి. లైబ్రేరియన్లకు నా విన్నపం ఒకటే. వచ్చిన ప్రతి బిడ్డనూ సభ్యుల్లో చేర్చుకుని, తాను ఎంచుకున్న పుస్తకం ఆరోజే ఇంటికిచ్చి పంపండి.

నమస్కారం.