తక్‌పట్టీ మీద రైతు పేరు
(గుంటూరులో డిప్లొమా విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, ఇంత ఎండలో వచ్చి కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాయడానికి బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషకున్న రూపాల్లో నేడు దేనిని ఎంచుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. మిర్చి యార్డు ఉన్న ఈ ఊళ్లో ఆ ప్రశ్న వినగానే నాకు ఒక కాగితం ముక్క గుర్తొస్తుంది: సరుకు అమ్మిన రైతుకు కొట్టు ఇచ్చే లెక్క చీటీ, తక్‌పట్టీ. దాని సంగతి చెప్పాకే ఎంపిక సంగతికి వస్తాను.

1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6తో, విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో, ఒక కమిషన్ కొట్టుకు బిల్లుల ప్రోగ్రాం రాశాను. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా తూకం, క్వింటా ధర, కమిషను, హమాలీ పోగా రైతు చేతికి రావలసిన సొమ్ము అందులో తేలేది. డబ్బుకు కరెన్సీ అనే డేటా రకాన్ని వాడాను. అది దశాంశ బిందువు తరువాత నాలుగు స్థానాలను కచ్చితంగా పట్టి ఉంచుతుంది కాబట్టి పైసాల్లో తేడా రాలేదు. అయితే తక్‌పట్టీ మీద రైతు పేరు తెలుగులో ఉండాలని యజమాని కోరినప్పుడు, టెక్స్ట్ బాక్సులో తెలుగు పడవలసిన చోటల్లా ప్రశ్నార్థకాలు పడ్డాయి. విజువల్ బేసిక్ 6 లోపల అక్షరాలను యూనికోడ్‌లోనే, అంటే అన్ని లిపులకూ ఉమ్మడిగా ఉన్న సంకేతాల పట్టికలోనే, దాచుకుంటుంది. దానితో వచ్చే టెక్స్ట్ బాక్సు, లేబులు మాత్రం వాటిని విండోస్ ఆన్సీ కోడ్ పేజీ అనే పాత, చిన్న అక్షర పట్టికలోకి మార్చి చూపుతాయి. తెలుగుకు అటువంటి కోడ్ పేజీ విండోస్‌లో లేదు.

చివరకు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చు వేశాం. సరుకు తెచ్చిన ఒక పెద్దాయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇందులో నా పేరు ఎక్కడుంది బాబూ?’ అని అడిగారు. వేలితో చూపించాను. ఆయన తెలుగు చక్కగా చదవగలరు. మిరపకాయ ఆయనది, సొమ్ము ఆయనది, పేరు మాత్రం ఆయన చదవలేని లిపిలో ఉంది. పక్కనున్న కుర్రవాడి చేత చదివించుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లారు. ఆ మడత పెట్టిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

తరువాత ప్రెస్సుల్లో వాడే పాత తెలుగు ఫాంటు పెట్టాను. అచ్చు అందంగా వచ్చింది. కానీ లోపల నిలవైనవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే కనుక పేర్లు అకారాది క్రమంలో పడలేదు, వెతికితే దొరకలేదు. ఏళ్ల తరబడి పోగైన ఆ పేర్లను యూనికోడ్‌లోకి మార్చడానికి నేనే కూర్చున్నాను. ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట పడితే ఒక్కొక్క పేరునూ దిద్దాను. తప్పు నాదే. పని మొదలుపెట్టిన రోజున ఒక్క తెలుగు పేరు టైపు చేసి చూసి ఉంటే చాలేది.

ఇక ఎంపిక. 1964లో డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ బేసిక్‌ను రూపొందించింది, సైన్సూ గణితమూ ప్రధానంగా చదవని విద్యార్థులు కూడా కంప్యూటరును వాడుకోవాలని. కొట్లలో విండోస్ యంత్రాలే ఉన్నంతవరకు నేను సూచించేది విజువల్ బేసిక్ 6 తరువాతి రూపమైన విజువల్ బేసిక్ డాట్ నెట్, దానితో తెర మీద ఫారాలు కట్టే విండోస్ ఫార్మ్స్. అందులో టెక్స్ట్ బాక్సులతో సహా అక్షరాలన్నీ యూనికోడే, డబ్బు లెక్కకు కరెన్సీకి బదులు డెసిమల్ అనే డేటా రకం ఉంది. ఈ భాషకు ఇక కొత్త హంగులు చేర్చే ఉద్దేశం లేదని మైక్రోసాఫ్ట్ 2020లో చెప్పింది. చాలామంది అందుకే దానిని వద్దంటున్నారు. నేను ఒప్పుకోను. తక్‌పట్టీ లెక్కకు ఏటా కొత్త వాక్యనిర్మాణం అవసరం లేదు, ఉన్నది నిలకడగా నడిస్తే చాలు.

పాత విజువల్ బేసిక్ 6 ప్రోగ్రాములు విండోస్ 11 మీద కూడా నడుస్తాయి. వాటిని రాసే పరికరానికి మాత్రం 2008 ఏప్రిల్‌తో మద్దతు ముగిసింది. పాతవి నడుస్తున్నాయి కదా అని, దయచేసి, కొత్త పనిని అందులో మొదలుపెట్టకండి. లినక్స్ వాడే కార్యాలయానికైతే గాంబాస్ అనే బేసిక్ మంచిది, తెలుగుకు ఇబ్బంది లేదు, కాని విండోస్ కొట్టుకు అది నేరుగా పనికిరాదు. జోజో అనే మరో బేసిక్ ఒకే కోడ్‌తో విండోస్, మాక్, లినక్స్ మూడింటికీ ప్రోగ్రాం కట్టి ఇస్తుంది. నేర్చుకోవడం ఉచితమే గాని, కట్టి ఇవ్వాలంటే లైసెన్సు కొనాలి. ఫ్రీబేసిక్ ఉచితం, వేగమైనది, అయితే ఫారాలు గీసే సదుపాయం దానిలో లేనందువల్ల ప్రతి కిటికీనీ చేత్తో కట్టుకోవాలి.

ఏది ఎంచుకున్నా, మొదటి గంటలో ‘లక్ష్మీనారాయణ’ అని టైపు చేసి, డేటాబేసులో దాచి, తిరిగి తీసి, అచ్చు వేయండి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకు అక్షరాలను నేరుగా పంపితే దాని సొంత అక్షరాల్లో సాధారణంగా తెలుగు దొరకదు. విండోస్ డ్రైవరు ద్వారా బొమ్మగా పంపాలి, వేగం తగ్గుతుంది. ఆ నెమ్మదితనాన్ని యజమానికి ముందే చెప్పి ఒప్పించండి.

ఈ బల్ల మీద నిన్న రాత్రి విజువల్ బేసిక్ డాట్ నెట్‌లో కట్టిన చిన్న తక్‌పట్టీ ప్రోగ్రాం ఉంది, ప్రింటరు కలిపి ఉంది. మొదటి వరుసలోని అమ్మాయీ, ఇలా రామ్మా. మీ తాతగారి పేరు టైపు చేయి. కాగితాన్ని ఇంటికి తీసుకువెళ్లి ఆయన చేతికే ఇవ్వు, ఆయనే చదువుకుంటారు.