బైబిల్‌ను అచ్చువేసినవాళ్ళు

శ్రోతలకు నమస్కారం.

బైబిల్ అనువాదాల చరిత్ర చెప్పమంటే ఎవరైనా ముందు అనువాదకుల పేర్లే ఎత్తుతారు. లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్, జర్మన్‌లోకి తెచ్చిన మార్టిన్ లూథర్, ఇంగ్లిష్‌లోకి తెచ్చిన విలియం టిండేల్. వాళ్ళ గొప్పతనం గురించి వాదన లేదు. నా ఫిర్యాదల్లా ఒకటే. అచ్చువేసినవాళ్ళకూ, అందుకు డబ్బు పెట్టినవాళ్ళకూ, ప్రూఫులు దిద్దినవాళ్ళకూ ఆ చరిత్రలో దక్కాల్సినంత చోటు దక్కలేదు. ఏ అనువాదం ఎవరి చేతికి చేరాలన్నది చాలాసార్లు ప్రెస్సులోనే తేలింది.

జర్మనీలోని మైంజ్ నగరంలో 1455 ప్రాంతంలో యోహాన్ గూటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిల్ సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. అది జెరోమ్ లాటిన్ బైబిలే. అప్పటికి వెయ్యేళ్ళుగా జనం దాన్ని చేత్తో నకలు రాసుకుంటూ వస్తున్నారు. గూటెన్‌బర్గ్ సుమారు 180 ప్రతులు అచ్చువేశాడని అంచనా. ఎక్కువ భాగం కాగితం మీద, కొన్ని దూడ చర్మం మీద. పేజీకి రెండు కాలమ్‌లు, కాలమ్‌కి 42 పంక్తులు. కానీ మొదటి పేజీలు తిరగేస్తే అక్కడ 40 పంక్తులే కనిపిస్తాయి. పని మొదలయ్యాక కాగితం ఖర్చు చూసి గుండె గుభేలుమని ఉంటుంది, పంక్తుల్ని కాస్త బిగించారు. శీర్షికల్ని ఎర్ర సిరాతో అచ్చువేద్దామనుకున్నారు, ఆ ముచ్చటా కొన్ని పేజీలతోనే సరి. మిగతా పుస్తకమంతా ఖాళీలు వదిలేస్తే, తర్వాత వాటిని చేత్తో రాసి నింపుకోవాల్సి వచ్చింది.

ఇంతకీ పెట్టుబడి పెట్టింది యోహాన్ ఫుస్ట్ అనే ఆసామి. అప్పు తీరలేదని 1455లో దావా వేసి గెలిచాడు. గూటెన్‌బర్గ్ దగ్గర పనిచేసిన పీటర్ షోఫర్ కూడా ఫుస్ట్ వైపే వెళ్ళాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసి అచ్చుపని నడిపారు. షోఫర్ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి.

డెబ్బై ఏళ్ళు ముందుకు వద్దాం. ఇంగ్లండులో బిషప్ అనుమతి లేకుండా బైబిల్‌ను ఇంగ్లిష్‌లోకి తేవడం నేరం. టిండేల్ వెళ్ళి లండన్ బిషప్ కత్‌బర్ట్ టన్‌స్టల్‌ను ఆశ్రయం అడిగాడు, దొరకలేదు. 1524లో దేశం వదిలి జర్మనీ చేరి, గ్రీకు నుంచి కొత్త నిబంధనను అనువదించాడు. 1525లో కొలోన్ నగరంలో అచ్చు మొదలైంది. అదే ఊళ్ళో కోక్లేయస్ అనే పండితుడు తన పుస్తకం పని చూసుకుంటున్నాడు. ఆయన లూథర్‌కు బద్ధ విరోధి. ప్రెస్సు పనివాళ్ళకు బాగా తాగించి కబుర్లలో పెడితే, ఇంగ్లిష్ కొత్త నిబంధన 3000 ప్రతులు తయారవుతున్నాయన్న గుట్టు బయటపడింది. వెంటనే అధికారులకు కబురు వెళ్ళింది. టిండేల్, ఆయన సహాయకుడు అచ్చయిన కాగితాలు మూటగట్టుకుని పడవెక్కి రైన్ నది వెంట ఎగువకు, వర్మ్స్ నగరానికి పారిపోయారు. మత్తయి సువార్తలో 22వ అధ్యాయం దాకా ఉన్న ఆ కాగితాలు కొన్ని ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

వర్మ్స్‌లో ఆ పని అందుకున్నది ఎవరనుకున్నారు? ఇందాక చెప్పిన షోఫర్ కొడుకు. ఆయన పేరు కూడా పీటరే. 1526లో పుస్తకం పూర్తయింది. చేతిలో ఇమిడిపోయే చిన్న సైజు. గుడ్డల బేళ్ళ మధ్య దాచి ఓడల్లో ఇంగ్లండుకు పంపడానికి ఆ సైజు బాగా పనికొచ్చింది. టన్‌స్టల్ దొరికినవి దొరికినట్టు తగలబెట్టించాడు. అది చాలక, అసలు విదేశంలోనే మొత్తం కొనేస్తే పోతుంది కదా అనుకున్నాడు. ప్యాకింగ్టన్ అనే వర్తకుడు ఆ బేరం నేరుగా టిండేల్ దగ్గరికే పట్టుకెళ్ళాడట. తన అప్పులు తీరతాయి, సరిదిద్దిన కొత్త ముద్రణకూ డబ్బు వస్తుందని టిండేల్ ఒప్పుకున్నాడట. ఆ కాలపు చరిత్రకారుడు ఎడ్వర్డ్ హాల్ ముగింపు కూడా చెప్పాడు: బిషప్‌కి పుస్తకాలు, ప్యాకింగ్టన్‌కి కృతజ్ఞతలు, టిండేల్‌కి డబ్బు. హాల్ కాస్త రంగు పులిమి ఉండొచ్చు. సరిదిద్దిన ముద్రణ మాత్రం 1534లో ఆంట్‌వర్ప్‌లో నిజంగానే వచ్చింది. మరుసటి ఏడాది టిండేల్‌ను నమ్మించి పట్టించారు. 1536లో బ్రస్సెల్స్ దగ్గర విల్‌వోర్డ్‌లో గొంతు బిగించి చంపి, శవాన్ని కాల్చేశారు. మూడేళ్ళు తిరగకముందే, 1539లో, రాజు ఎనిమిదో హెన్రీ అనుమతితో ఇంగ్లిష్ బైబిల్ చర్చిలకు చేరింది. అందులో చాలా భాగం టిండేల్ రాసిందే, ఆయన పేరు మాత్రం లేదు.

ఇక అధ్యాయం, వచనం నంబర్లు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దం నాటిది, స్టీఫెన్ లాంగ్టన్ చేశాడని చెబుతారు. కొత్త నిబంధనలో ఇప్పుడు మనం వాడే వచనాల నంబర్లు వేసింది రొబేర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు, 1551లో. పారిస్ నుంచి లియోన్‌కు ప్రయాణిస్తూ ఆ పని చేశాడని ఆయన కొడుకు రాశాడు. కొన్నిచోట్ల వాక్యం మధ్యలో వచనం తెగిపోవడం చూసి, అది గుర్రం కుదుపు మహిమేనని నవ్వుకునేవాళ్ళున్నారు. 1557లో జెనీవాలో అచ్చయిన కొత్త నిబంధనతో ఆ నంబర్లు ఇంగ్లిష్‌లోకీ వచ్చాయి, 1560 నాటి జెనీవా బైబిల్ వాటిని మొత్తం బైబిల్‌కు వాడింది. ఆ బైబిల్ అంచుల్లోని వ్యాఖ్యలు రాజు జేమ్స్‌కు అసలు గిట్టలేదు. 1604లో ఆయన కొత్త అనువాదానికి ఆజ్ఞాపించాడు. దాదాపు 47 మంది పండితులు పనిచేశారు. 1611లో అది రాబర్ట్ బార్కర్ ప్రెస్సు నుంచి బయటికి వచ్చింది.

బార్కర్ రాజముద్రాపకుడు. బైబిల్ అచ్చువేసే హక్కు చేతిలో ఉంటే బంగారు గనే అనుకుంటాం. కానీ అంత పెద్ద పుస్తకానికి కాగితం, అచ్చక్షరాలు, కూలీ అన్నిటికీ డబ్బు ముందే కావాలి. అప్పులు పెరిగాయి, భాగస్వాములతో కోర్టు గొడవలు మొదలయ్యాయి. ఆ టెన్షన్ మధ్య 1631లో ఒక ముద్రణ బయటికి వచ్చింది. పది ఆజ్ఞల్లో ఒకచోట "కూడదు" అన్న అర్థమిచ్చే చిన్న మాట ఎగిరిపోయింది. దాంతో వ్యభిచారం చేయమని దేవుడే ఆజ్ఞాపించినట్టయింది! చార్లెస్ రాజు మండిపడ్డాడు. బార్కర్‌కూ ఆయన భాగస్వామికీ 300 పౌండ్ల జరిమానా పడింది. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జార్జ్ ఆబట్ కోపం ఇంకోలా ఉంది. ఒకప్పుడు మంచి కాగితం, అచ్చక్షరాలు పేర్చే నేర్పున్న కంపోజిటర్లు, చదువుకున్న ప్రూఫ్ రీడర్లు ఉండేవారనీ, ఇప్పుడు కాగితం నాసి, కంపోజిటర్లు కుర్రాళ్ళు, దిద్దేవాళ్ళకు చదువే లేదనీ ఆయన వాపోయాడు. కావాలనే ఎవరో చేశారన్న అనుమానాలూ వినిపిస్తాయి గానీ, నాకు ఆబట్ చెప్పిన కారణమే సబబుగా కనిపిస్తుంది. ప్రూఫ్ రీడర్ జీతంలో మిగిల్చిన డబ్బు అలాగే తిరిగి వసూలవుతుంది.

అప్పులవల్ల బార్కర్ జైలుపాలై అక్కడే చనిపోయాడు. ఆ తప్పుల బైబిళ్ళను వెనక్కి రప్పించి నాశనం చేయమన్నారు. అయినా కొన్ని తప్పించుకున్నాయి. ఇప్పుడు వేలంలో వాటికున్న గిరాకీ, అదే కాలంలో ఏ తప్పూ లేకుండా అచ్చయిన బైబిళ్ళకు లేదు.